తమ్ముడి కోసం వచ్చాను

పుంతా అరేనాస్ గాలిది పెద్ద మనసు.
అది లేచిందంటే మున్సిపాలిటీ వాళ్లు
వీధి మూలల్లో తాళ్లు కడతారు,
జనం కొట్టుకుపోకుండా పట్టుకు నడవడానికి.
టీచరమ్మ, బ్యాంకు గుమాస్తా, పోలీసు,
అందరిదీ ఒకటే తూలు.
గాలి ఉన్నన్నాళ్లూ
నన్నెవరూ తాగుబోతు అనలేదు.

గాలి లేని రోజులతోనే చిక్కు.

పీతల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు.
ఉడికిన కాళ్లు విరిచి మాంసం లాగడం నా పని.
చేతులు వణకడం మొదలయ్యాక
గుల్ల ముక్కలు డబ్బాల్లోకి పోయాయి.
ఏ దూరదేశంలోనో, ఎవరి పంటి కిందో
నా సంగతి పడింది.
సూపర్‌వైజరు ఒతీలియా తిట్టలేదు.
జీతం కవర్లో ఒక చీటీ పెట్టింది:
మంగళవారం, ఏడింటికి,
టైర్ల కొట్టు వెనక, పచ్చ తలుపు.

మొదటి మంగళవారం టైర్ల కొట్టు దాకా వెళ్లి
సైకిలైనా లేనిదాన్ని
లారీ టైరు ధర అడిగి వచ్చాను.
రెండో మంగళవారం
అది పచ్చ కాదు, నీలం అని నాతో నేనే వాదించాను.
వాదన గెలిచి
గెలిచినందుకు తాగాను.
మూడో వారం వాన, మా ఊళ్లో వాన అడ్డంగా కురుస్తుంది,
తలుపుకి ఆనుకుని నిలబడితే
అది తెరుచుకుంది.
(గాలి తెరిచిందని నేనంటాను.
తనే తెరిచానని దోన్ ఎవారిస్తో.)

"ఎవరు కావాలమ్మా?"
"మా తమ్ముడు. నోల్బెర్తో.
ఇక్కడికి వస్తాడని ఎవరో చెప్పారు."
"ఇంకా రాలేదు.
వచ్చేదాకా కూర్చో. టీ వేడిగానే ఉంది."

ఏడు కుర్చీలు, ఒక గ్యాసు హీటరు.
ఒకాయన చెప్పాడు,
కూతురి పెళ్లి ఫోటోల్లో తానెక్కడా లేడని.
పెళ్లికి వెళ్లాడు.
ఫోటోల్లోనే లేడు.
పళ్లకు తీగ కట్టించుకున్న పిల్ల
తొమ్మిది రోజులైందని చెప్పింది.
చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను,
నా చేతులు ఒకదానికొకటి దొరకడానికి
కాస్త సమయం పట్టింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం
తమ్ముడి కోసం వెళ్లాను.
వాడికని ఒక కప్పు పక్కన పెట్టేవారు,
పిడి విరిగినది.
ఎలాంటివాడు మీ వాడు, అని అడిగేవారు.
చెప్పేదాన్ని:
చలికాలపు బూట్లలో సీసా దాస్తాడు.
అమ్మను మట్టి చేసిన రోజు
శ్మశానానికి కాదు, వేరే ఎక్కడికో వెళ్లాడు.
పొద్దున ఆరింటికి
చొక్కా గుండీ పెట్టుకోలేడు.
అబద్ధమాడుతూ ఆడుతూ
పేరు తప్ప అన్నీ నిజాలే చెప్పేశాను.

ఎనిమిదో వారమో, తొమ్మిదో,
"నాకు తమ్ముడు లేడు" అన్నాను.

హీటరు చప్పుడు.
దోన్ ఎవారిస్తో పంచదార కలుపుతూనే ఉన్నాడు.
"తెలుసు. నేనైతే
కొళాయి బాగుచేయడానికి వచ్చాను ఇక్కడికి.
ఇరవై రెండేళ్లయింది.
ఇంకా కారుతూనే ఉంది."

నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి,
వాడక మూలపడ్డ సామానులాగా.
"ఎదెల్మీరా" అన్నాను.
ఏడుగురూ ఒక్కసారే పలికారు ఆ పేరు.
అప్పులవాళ్లు తప్ప
ఎవరూ అంత గట్టిగా పిలవలేదు నన్ను చాలాకాలంగా.

మొన్నటిదాకా నూట నలభై రోజులనేదాన్ని.
మధ్యలో ఒక రాత్రి వచ్చింది.
ఇప్పుడు పదకొండు.
నూట నలభైకీ కొట్టారు,
పదకొండుకీ కొట్టారు చప్పట్లు.
ఏది గట్టిగా కొట్టారో చెప్పను.

పిడి విరిగిన కప్పు ఇంకా అక్కడే ఉంది.
తలుపు కిర్రుమన్నప్పుడల్లా
అందరికంటే ముందు నేనే తలెత్తుతాను.
లేనివాడి మీద బెంగ పెట్టుకోవడం
వింతే, కానీ వాడే కదా
నన్ను చెయ్యి పట్టి తీసుకొచ్చింది.

ఈ రాత్రి ఆకు కదలడం లేదు.
తాళ్లు ఎప్పుడో విప్పేశారు.
మూల తిరుగుతుంటే నా చెయ్యి
అలవాటుగా ఒకసారి గాల్లో తడుముకుంది,
దొరకలేదు.
నడిచాను.